మీ బడిలో ఆరోగ్య కమిటీ నడవాలంటే: సాయంత్రం నీళ్ళ సీసాలు చూడటంతో మొదలుపెట్టండి

మండల మీటింగుల్లో టీ తాగే సమయం దొరికితే చాలు, ఎవరో ఒకరు ఇదే అడుగుతారు. "ఆరోగ్య కమిటీ వేయమన్నారు, పేర్లు రాసి పంపించాం. తర్వాత ఏం చేయాలండీ?" హెచ్ఎంలు అడుగుతున్నారు, తల్లిదండ్రుల కమిటీలో ఉన్న అమ్మలూ అడుగుతున్నారు. ఒక్కొక్కరికీ ఫోన్‌లో చెప్పే బదులు అంతా ఒకచోట రాస్తున్నాను. నేను శ్రీకాకుళం జిల్లాలో, ఉద్దానం వైపు ఒక హైస్కూల్లో సైన్సు చెబుతాను. ఇక్కడ రాసినవన్నీ మా దగ్గర చేసి చూసినవే. కొన్ని మొదటిసారి తప్పుగా చేసి, రెండోసారి సరిదిద్దుకున్నాం. ఆ తప్పులు మీరు చేయకూడదనే ఇంత వివరంగా రాస్తున్నాను.

ముందుగా సిద్ధం చేసుకోవలసినవి

ఒక లాంగ్ నోటుబుక్కు. విడి కాగితాలు వద్దు, పోతాయి. బరువు తూచే మిషను. ఎత్తు కొలవడానికి గోడ మీద టేపు పెట్టి గీతలు గీసుకుంటే చాలు. కంటి చూపు చార్టు పీహెచ్‌సీలో అడిగితే ఇస్తారు. నీళ్ళలో క్లోరిన్ చూసే చిన్న కిట్టు పంచాయతీ వాళ్ళ దగ్గర గానీ గ్రామ సచివాలయంలో గానీ అడగండి. మూత ఉన్న చెత్తబుట్టలు, ఫస్ట్ ఎయిడ్ పెట్టె, తరగతుల హాజరుపట్టీలు. ఇంతే. మొదటి నెలలో డబ్బులు అవసరమయ్యే పని దాదాపు ఉండదు కాబట్టి, "గ్రాంటు వచ్చాక చూద్దాం" అని ఆగకండి.

1. మనుషుల్ని ఎంచుకోండి

పది మంది దాటకూడదు. హెచ్ఎం, ఇద్దరు టీచర్లు, ఇద్దరు తల్లులు, ఏఎన్ఎం (ఊరి నర్సమ్మ), వంట చేసే అమ్మ, ఆయా, ఇద్దరు పిల్లలు. ఆయుష్మాన్ భారత్ కింద 2020 ఫిబ్రవరిలో మొదలైన పాఠశాల ఆరోగ్య కార్యక్రమంలో ప్రతి బడి నుంచీ ఒక మాస్టారు, ఒక మేడం ఆరోగ్య రాయబారులుగా ఉండాలని ఉంది. మీ బడిలో అలా శిక్షణ తీసుకున్నవాళ్ళు ఉంటే వాళ్ళనే పెట్టుకోండి. తల్లుల్ని కొత్తగా వెతకక్కర్లేదు. విద్యాహక్కు చట్టం ప్రకారం పాఠశాల యాజమాన్య కమిటీలో నాలుగింట మూడు వంతులు తల్లిదండ్రులే ఉండాలి, మొత్తం సభ్యుల్లో సగం మంది ఆడవాళ్ళు ఉండాలి. వాళ్ళలోంచి, బడికి దగ్గరగా ఇల్లున్న ఇద్దరిని అడగండి.

పిల్లల్ని 8, 9 తరగతుల నుంచి తీసుకోండి. పదో తరగతి వాళ్ళకి పరీక్షల టెన్షన్ సరిపోతుంది, పైగా పని అలవాటయ్యే సరికి బడి వదిలి వెళ్ళిపోతారు.

ఊరి పెద్దల్ని పిలవండి, సలహా అడగండి, అవసరమైతే సాయం తీసుకోండి. కమిటీలో మాత్రం రోజూ బడిలో పని చేసే చేతులే ఉండాలి. ఇంకొక్క మాట. వంటమ్మకీ ఆయాకీ కుర్చీ వేసి కూర్చోబెట్టండి. మా మొదటి మీటింగులో వాళ్ళిద్దరూ గుమ్మం దగ్గరే నిలబడ్డారు, మేమూ గమనించలేదు. అరగంట పాటు పౌష్టికాహారం గురించి మేమే మాట్లాడుకున్నాం. రెండో మీటింగులో కుర్చీలు వేశాం. ఆడపిల్లలు నీరసంగా ఉంటున్నారు, నీళ్ళు సరిగా తాగడం లేదు, ఎలా చెప్పాలి అని ఒక మేడం అంటుంటే ఆయా మెల్లగా అంది: "గుంటలు (మా వైపు ఆడపిల్లల్ని అలాగే అంటారు) నీళ్ళు తాగరు బాబూ. తాగితే బాత్రూంకెళ్ళాలి. తలుపుకి గెడ లేదు కదా."

మూడేళ్ళుగా మేం నీళ్ళ గురించి పాఠం చెబుతున్నాం. అసలు కారణం తలుపు దగ్గర ఉంది. ఆ రోజు నుంచి మా కమిటీ పని పద్ధతే మారింది.

2. నియమాలు రాయకముందు ఒక వారం లెక్క తీయండి

దీన్ని దాటవేసే బడులే ఎక్కువ. నేరుగా నియమాలు రాసేస్తారు, అవి ఏ బడికైనా సరిపోయేలా ఉంటాయి, అందుకే ఏ బడికీ ఉపయోగపడవు. ఒక వారం ఈ నాలుగూ చూసి నోటుబుక్కులో రాయండి.

సీసాల లెక్క: సాయంత్రం లాంగ్ బెల్లుకి పది నిమిషాల ముందు ఒక్కో తరగతికీ వెళ్ళి, నీళ్ళ సీసాలు బల్ల మీద పెట్టమనండి. సగానికి పైగా నీళ్ళు మిగిలినవి ఎన్నో లెక్కపెట్టండి. అమ్మాయిలవి వేరు, అబ్బాయిలవి వేరు. పేర్లు రాయకండి, ఎవరినీ ఏమీ అనకండి. మధ్యలో సీసా నింపుకున్నారా అని మాత్రం అడగండి.

బాత్రూంల లెక్క: గెడ, నీళ్ళు, బకెట్టు, మగ్గు, వెలుతురు, మూత ఉన్న చెత్తబుట్ట. ఒక్కో గదికీ ఈ ఆరూ ఉన్నాయో లేవో చూడండి.

ఎంగిలి బకెట్టు లెక్క: మధ్యాహ్న భోజనం తర్వాత పారేసిన అన్నం బకెట్లో ఎంతవరకు వచ్చింది, ఏ రోజు ఎక్కువ, ఏ కూర ఉన్న రోజు తక్కువ.

హాజరు లెక్క: 7 నుంచి 10 తరగతుల వరకు ఆడపిల్లలు ప్రతి నెలా వరసగా రెండు మూడు రోజులు మానేస్తున్నారా? హాజరుపట్టీ వెనక్కి తిప్పి చూస్తే తెలిసిపోతుంది.

జాగ్రత్త: సీసాల లెక్కని పోటీగా మార్చకండి. "ఖాళీ సీసాల తరగతికి బహుమతి" అని మేం ఒకసారి పెట్టాం. మర్నాడే పిల్లలు కుళాయి దగ్గర వరసగా నిలబడి నీళ్ళు ఒంపేశారు.

3. ఒక్క పేజీ నియమావళి రాయండి

ఒకే పేజీ, ఆరో తరగతి పిల్ల చదివి అర్థం చేసుకునే తెలుగు. మా దగ్గర గోడ మీద రాయించింది ఇది. మీకు సరిపోయేలా మార్చుకోండి.

"మా బడిలో రోజుకి మూడుసార్లు నీళ్ళ గంట కొడతారు. బాత్రూంకి వెళ్ళడానికి ఎవరూ అడ్డుచెప్పరు. టీచరు రుచి చూశాకే భోజనం వడ్డిస్తారు. ఆటల పీరియడు ఎవరూ తీసుకోరు, పదో తరగతిది కూడా. ఎవరి బరువూ, రంగూ, జబ్బూ ఎత్తి మాట్లాడరు. కొట్టడం, తిట్టడం ఉండదు. పొగాకు, గుట్కా బడి దరిదాపుల్లోకి రావు."

ఇందులో కొన్నింటికి చట్టం తోడుంది. పిల్లల్ని కొట్టడాన్నీ, మానసికంగా వేధించడాన్నీ విద్యాహక్కు చట్టమే నిషేధించింది. 2003 పొగాకు చట్టం ప్రకారం విద్యాసంస్థకి 100 గజాల లోపు పొగాకు వస్తువులు అమ్మకూడదు. కొవ్వు, ఉప్పు, చక్కెర మితిమీరిన తిండిని బడిలో గానీ, గేటు నుంచి 50 మీటర్ల లోపు పిల్లలకి గానీ అమ్మకూడదని 2020లో ఆహార భద్రతా సంస్థ నియమాలు తెచ్చింది.

గేటు ముందు బడ్డీ కొట్టుతో గొడవ పెట్టుకోవద్దు. చాలాచోట్ల ఆ కొట్టు నడిపేది మన పిల్లల్లో ఒకరి తల్లో, నాయనమ్మో. ముందు వెళ్ళి మాట్లాడండి. రంగు గొట్టాల బదులు ఉడికించిన శనగలు, పల్లీ ఉండలు, జామకాయలు అమ్మితే మేం కూడా కొంటాం అని చెప్పండి, చెప్పినట్టు కొనండి. గుట్కా విషయంలో మాత్రం బేరం లేదు. ఒకసారి చెప్పి, వినకపోతే రాతపూర్వకంగా ఫిర్యాదు ఇవ్వండి.

4. నీళ్ళు, బాత్రూం ఒకేసారి సరిచేయండి

ఒకటి వదిలి ఇంకొకటి చేస్తే పని జరగదు. బాత్రూం బాగు చేయకుండా నీళ్ళ గంట కొడితే పిల్లలు మూత తీసి, పెదవులు తడుపుకుని, మూత పెట్టేస్తారు.

ముందు గెడ. మాకు ఒక్కో తలుపుకి వంద రూపాయలు కూడా కాలేదు. ఎత్తు చూసి వేయించండి, ఆరో తరగతి పిల్లకి అందాలి. లోపల మేకు గానీ కొక్కెం గానీ కొట్టండి, చున్నీ తగిలించుకోవడానికి. మూత చెత్తబుట్ట అమ్మాయిల వైపు ప్రతి గదిలోనూ ఉండాలి. ప్యాడ్లు మేడం బల్ల సొరుగులో పెట్టి, ఎవరినీ అడగకుండా తీసుకునే ఏర్పాటు చేయండి. సొరుగుకి తాళం వేసి, తాళం హెచ్ఎం మాస్టారి దగ్గర ఉంచితే ఏ పిల్లా అడగదు.

తర్వాత నీళ్ళ గంట. కేరళ బడుల్లో 2019లో మొదలైన ఈ పద్ధతి మనకీ బాగా పనికొస్తుంది. మొదటి విరామానికి ముందు ఒకటి, భోజనానికి గంట ముందు ఒకటి, మధ్యాహ్నం మధ్యలో ఒకటి. ఎక్కడివాళ్ళు అక్కడే కూర్చుని తాగాలి, రెండు నిమిషాలు చాలు. టీచరు కూడా తాగాలి. సీసా లేని పిల్లలు ఉంటారు. వాళ్ళ కోసం తరగతికి ఒక మూత ఉన్న బిందె, పొడుగు కాడ గరిటె, నాలుగు స్టీలు గ్లాసులు పెట్టండి. చెయ్యి ముంచి తీసుకోనివ్వకండి.

ట్యాంకు మీద, చివరిసారి ఎప్పుడు కడిగారో ఆ తేదీ రంగుతో రాయించండి. తేదీ పాతబడితే పిల్లలే అడుగుతారు. క్లోరిన్ పరీక్ష ట్యాంకు దగ్గర కాదు, చివరి కుళాయి దగ్గర చేయాలి. అక్కడ లీటరుకి కనీసం 0.2 మిల్లీగ్రాములు కనబడాలి. ఆర్వో నీళ్ళయితే క్లోరిన్ మిగలదు. కాబట్టి పట్టే డ్రమ్ము శుభ్రంగా ఉండాలి, ఫిల్టరు మార్చిన తేదీ కూడా గోడ మీద ఉండాలి.

కవిటి, సోంపేట, కంచిలి, ఇచ్ఛాపురం, పలాస, మందస, వజ్రపుకొత్తూరు వైపు, అంటే ఉద్దానం బడుల వాళ్ళకి ఒక మనవి. మన తరగతుల్లో ఇంట్లో కిడ్నీ జబ్బు మనిషి ఉన్న పిల్లలు ఉన్నారు. డయాలసిస్‌కి నాన్నని తీసుకెళ్ళి వచ్చి మర్నాడు బడికొచ్చే పిల్లలు ఉన్నారు. నీళ్ళ గురించి చెప్పేటప్పుడు "నీళ్ళు తాగకపోతే కిడ్నీలు పోతాయి" అని దయచేసి అనకండి. ఉద్దానంలో ఈ జబ్బుకి ఇదీ కారణం అని ఇంతవరకు తేలలేదు. ఆ మాట విన్న పిల్ల, మా నాన్న నీళ్ళు తాగక తప్పు చేశాడా అనుకుంటుంది. హిరమండలం జలాశయం నుంచి వంశధార నీళ్ళు తెచ్చే పథకం, పలాసలో కిడ్నీ పరిశోధన కేంద్రం, ఆసుపత్రి 2023 డిసెంబరులో మొదలయ్యాయి. అవి ఉన్నాయని చెప్పండి. ఎండలో ఆడితే దాహం వేయకముందే తాగాలని చెప్పండి. అంతవరకు చాలు. నొప్పి మాత్రలు డాక్టరు చెప్పకుండా కొని మింగొద్దని మాత్రం గట్టిగా చెప్పండి, అది కిడ్నీలకి నిజంగా హాని.

5. భోజనం దగ్గర ఎవరో ఒకరు కూర్చోండి

డొక్కా సీతమ్మ మధ్యాహ్న బడి భోజనం పథకంలో గుడ్డు, రాగి జావ, చిక్కీ ఉన్నాయి. ఇవ్వడం వేరు, పిల్ల కడుపులోకి వెళ్ళడం వేరు. మా దగ్గర జావ ఉన్న రోజు బకెట్టు సగం నిండేది. ఒక నాయనమ్మని పిలిచాం. ఆమె గరిటెతో ఎత్తి చూసి, "ఇది చోడంబలేనా? ఉండలు కట్టింది. పిండి ముందు చల్లనీళ్ళలో కలపాలి కదమ్మా" అని వంటమ్మకి చేసి చూపించింది. ఇళ్ళలో చోళ్ళు, అంటే రాగులు, తిని పెరిగిన ఊళ్ళు మనవి. జావ అంటే ముఖం తిప్పుకున్న పిల్లలు, "మీ నాయనమ్మ చోడంబలి" అంటే గ్లాసు చాపారు. ఉండలు పోయాయి, పారబోత తగ్గింది.

ఇనుము ఒంటికి పట్టాలంటే భోజనంతో పాటు టీ వద్దు. నిమ్మకాయ పిండినా, ఉసిరి పచ్చడి వేసినా, జామకాయ తిన్నా మంచిది. పెరట్లో మునగ చెట్టు ఉంటే ఆకు పప్పులో వేయించండి.

6. మాత్రలు ఇచ్చే రోజు

ఇనుము మాత్ర వారానికి ఒకటి. 10 నుంచి 19 ఏళ్ళ వారికి నీలం మాత్ర, అందులో 60 మిల్లీగ్రాముల ఇనుము, 500 మైక్రోగ్రాముల ఫోలిక్ యాసిడ్ ఉంటాయి. 5 నుంచి 9 ఏళ్ళ వారికి గులాబీ రంగుది. నులిపురుగుల మాత్ర, అంటే ఆల్బెండజోల్ 400 మిల్లీగ్రాములు, ఫిబ్రవరి 10న, ఆగస్టు 10న ఇస్తారు. ఆ రోజు రాని పిల్లలకి కొద్ది రోజుల్లోనే మళ్ళీ ఒక రోజు ఉంటుంది, ఆ తేదీ ఏఎన్ఎంని అడిగి రాసుకోండి.

ఇనుము మాత్ర భోజనం తర్వాతే, మీ కళ్ళ ముందే వేయించండి. ఇంటికి ఇచ్చి పంపితే బ్యాగులోనే ఉండిపోతుంది. మలం నల్లగా రావచ్చు, అది మామూలే అని ముందురోజే పిల్లలకీ ఇంట్లోవాళ్ళకీ చెప్పండి. చెప్పకపోతే మర్నాడు గేటు దగ్గర తల్లులు ఉంటారు, వాళ్ళ భయంలో తప్పు లేదు. ఒక పిల్లకి వికారం వస్తే పక్కకి తీసుకెళ్ళి పడుకోబెట్టండి. అందరి ముందూ హడావుడి చేస్తే ఇంకో పదిమందికి కడుపు తిప్పుతుంది. నులిపురుగుల మాత్ర నమిలి మింగాలి. జ్వరంతో ఉన్న పిల్లకి ఆ రోజు వేయకండి.

ఇంకో హెచ్చరిక. సికిల్ సెల్ గానీ తలసేమియా గానీ (ఇవి పుట్టుకతో వచ్చే రక్త జబ్బులు) ఉన్న పిల్లకి డాక్టరు చెప్పకుండా ఇనుము మాత్ర ఇవ్వకూడదు. గిరిజన గ్రామాల నుంచి పిల్లలు వచ్చే బడులు ఈ విషయం ఏఎన్ఎంతో ముందే మాట్లాడుకోండి.

7. కళ్ళు, బరువు, మనసు

చూపు పరీక్షకి చార్టు నుంచి 6 మీటర్లు టేపుతో కొలిచి నేల మీద గీత గీయండి. ఒక కన్ను అరచేత్తో మూయించండి, వేళ్ళతో వద్దు, సందులోంచి చూస్తారు. అనుమానం ఉన్న పిల్లల్ని కంటి డాక్టరు దగ్గరికి పంపండి. అద్దాలొచ్చాక కూడా పని ఉంది. మా తొమ్మిదో తరగతి అబ్బాయి ఒకడు అద్దాలు రెండు నెలలు జామెట్రీ బాక్సులో దాచుకున్నాడు, ఎగతాళి చేస్తారని. కాబట్టి నెల తర్వాత ఎవరు పెట్టుకుంటున్నారో చూడండి.

బరువు ఒక్కొక్కరినీ లోపలికి పిలిచి చూడండి. అంకె బయటికి చదవకండి.

దిగులుగా ఉన్న పిల్లల సంగతి కొత్త కమిటీలు చివరికి నెడతాయి. కనీసం రెండు నంబర్లు గోడ మీద రాయించండి: మానసిక ఆరోగ్య సలహాకి టెలీ మానస్ 14416, పిల్లల సహాయానికి 1098. ఫిర్యాదుల పెట్టె పెడితే వారానికోసారి తప్పకుండా తెరవండి. పిల్ల రాసిన చీటీ నెలల తరబడి ఆ పెట్టెలో పడి ఉండేట్టయితే అసలు పెట్టకపోవడమే మేలు.

8. నెలకో మీటింగు, నలభై నిమిషాలు

పోయిన నెల ఏమనుకున్నాం, ఏం జరిగింది, ఈ నెల ఏ ఒక్క పని చేస్తాం. నోటుబుక్కులో ప్రతి పని ఎదురుగా ఒక మనిషి పేరు, ఒక తేదీ ఉండాలి. "కమిటీ చూసుకుంటుంది" అని రాస్తే ఎవరూ చూసుకోరు. మొదట మాట్లాడే అవకాశం పిల్లలకీ, వంటమ్మకీ, ఆయాకీ ఇవ్వండి. హెచ్ఎం చివర్లో మాట్లాడితే మంచిది, ముందే మాట్లాడేస్తే మిగతావాళ్ళు తల ఊపి ఊరుకుంటారు.

ఎక్కువగా జరిగే తప్పులు

రక్తహీనత ఉన్న పిల్లల పేర్లు నోటీసు బోర్డుకి అంటించడం. మంచి ఉద్దేశంతోనే చేస్తారు, కానీ మర్నాటి నుంచి ఆ పిల్లకి ఆ పేరే ఉండిపోతుంది. పిల్లల చేత పిల్లల్ని తనిఖీ చేయించి శిక్షలు వేయించడం ఇంకొకటి. చేతులు కడుక్కోమని చెప్పి కుళాయి దగ్గర సబ్బు పెట్టకపోవడం అన్నింటికన్నా ఎక్కువగా చూశాను. సబ్బుని పాత సాక్సులోనో వలసంచిలోనో వేసి కుళాయికి కట్టండి, నేలపాలు కాదు. ఒకే నెలలో అన్నీ మొదలుపెట్టడం కూడా తప్పే. మొదటి నెల నీళ్ళూ బాత్రూం, రెండో నెల భోజనం, మిగతావి తర్వాత.

పని జరిగిందో లేదో ఎలా తెలుస్తుంది

మూడు నెలలకి అవే నాలుగు లెక్కలు మళ్ళీ తీయండి, చెప్పకుండా వెళ్ళి. సీసాల లెక్కలో అమ్మాయిల అంకె తగ్గిందా? ఎంగిలి బకెట్టు ఎంత తేలికైంది? నెల మధ్యలో మానేసే రోజులు తగ్గాయా? హిమోగ్లోబిన్ ఏఎన్ఎం చూస్తారు. 12 ఏళ్ళు దాటిన ఆడపిల్లకి 12 గ్రాముల కంటే తక్కువుంటే రక్తహీనత అంటారు. మొదటిసారి, తర్వాతసారి వచ్చిన అంకెలు పక్కపక్కన రాసి, ఎంతమందిలో పెరిగిందో చూడండి.

బాత్రూం సంగతి తేల్చడానికి ఒకటే పరీక్ష. వారానికోసారి మేడంలలో ఎవరో ఒకరు స్టాఫ్ బాత్రూం వదిలేసి, అమ్మాయిల బాత్రూం వాడాలి. ఆవిడ వాడలేకపోతే పిల్లలూ వాడటం లేదని అర్థం.

అంకెలు కదలకపోతే కమిటీని మార్చకండి, ఆయాని, వంటమ్మని, ఆ ఇద్దరు పిల్లల్ని విడివిడిగా కూర్చోబెట్టి అడగండి. మాకు రెండో సంవత్సరం సీసాల అంకె మళ్ళీ పెరిగింది. అడిగితే తెలిసింది: వర్షాలకి తలుపు చెక్క ఉబ్బి, గెడ పడటం లేదట. వడ్రంగిని పిలిపించి అంచు చెక్కించాం. ఇప్పుడు తొలకరికి ముందు, పండగ సెలవుల తర్వాత, రెండుసార్లు తలుపులన్నీ వేసి తీసి చూస్తున్నాం. మీ నోటుబుక్కులో కూడా ఆ రెండు తేదీలు ఇప్పుడే రాసి పెట్టుకోండి.